కేస్ ఫైలు రాయడం వస్తేనే సోషల్ వర్కర్

ఎంఎస్‌డబ్ల్యూ (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) చేస్తానంటే ఇంట్లో ముందుగా ఎదురయ్యే ప్రశ్న, ‘సేవ చేయడానికి డిగ్రీ ఎందుకు?’ అని. అడగాల్సిన ప్రశ్నే. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టడానికి డిగ్రీ అక్కర్లేదు. రైల్వే స్టేషన్లో దొరికిన పన్నెండేళ్ల పిల్లవాణ్ని ఇంటికి పంపాలా, హోమ్‌లో ఉంచాలా అని తేల్చడానికి మాత్రం మంచి మనసొక్కటే చాలదు. ఇంటికి పంపితే మళ్లీ పారిపోతాడేమో. హోమ్‌లో ఉంచితే తల్లికి దూరమైపోతాడేమో. విచారించి, బేరీజు వేసి, కాగితం మీద పెట్టే పనిని అసెస్‌మెంట్ అంటారు. ఆ తర్వాత పిల్లవాడు కుదురుకునేదాకా వెంట ఉండటం కేస్ మేనేజ్‌మెంట్. సోషల్ వర్కర్‌కు జీతమిచ్చేది ముఖ్యంగా ఈ రెండింటికే.

ఇది కొత్తగా పుట్టిన విద్యేమీ కాదు. అమెరికాలో మేరీ రిచ్‌మండ్ 1917లోనే ‘సోషల్ డయాగ్నసిస్’ అనే పుస్తకంలో దీనికి పద్ధతి ఏర్పరిచారు. మన దేశంలో 1936లో బొంబాయిలో మొదలైన టాటా సంస్థ దీన్ని చదువుగా మార్చింది. అదే నేటి టిస్.

మన దగ్గర దీనికి చట్టబద్ధమైన రూపం బాగా కనిపించేది పిల్లల కేసుల్లో. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం రక్షణ అవసరమైన బిడ్డను 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. ప్రయాణానికి పట్టే సమయం ఇందులోకి రాదు. కమిటీలో ఛైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. వాళ్లు బిడ్డ ఊరికి రారు, ఆ ఇల్లు చూడరు. వాళ్ల కళ్లూ చెవులూ సోషల్ వర్కర్ రాసిచ్చే సామాజిక విచారణ నివేదికే. దాన్ని పదిహేను రోజుల్లో పూర్తిచేయాలి. బిడ్డ ఎక్కడ పెరగాలన్నది దాన్నిబట్టే తేలుతుంది. ఆ తర్వాత ఒక్కొక్క బిడ్డకూ విడిగా సంరక్షణ ప్రణాళిక తయారవుతుంది.

నివేదిక బాగుంటే ఏమవుతుందో, బాగోకపోతే ఏమవుతుందో ఒక ఊహాకేసుతో చూద్దాం. కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల్లో ఒక ఊరు. తొమ్మిదో తరగతి అమ్మాయి సంక్రాంతి ముందునుంచీ బడికి రావడం లేదు. కొత్తగా చేరిన వర్కర్ ఇంటికి వెళ్లి వచ్చి రెండే వాక్యాలు రాశాడు: ‘బాలికకు చదువుపై ఆసక్తి లేదు. తల్లిదండ్రులు బాధ్యతారహితులు.’ ఈ రెండూ అతని తీర్పులు. ఏం చూశాడో, ఎవరు ఏం చెప్పారో ఇందులో లేదు. ఇది చదివిన అధికారి అమ్మాయికి కౌన్సెలింగ్ ఇవ్వండి అని రాసి ఫైలు పక్కన పెడతాడు.

రెండోసారి అనుభవమున్న వర్కర్ వెళ్లింది. గుమ్మంలో కూర్చున్న ముసలామెతో ‘అవ్వా, ఇంట్లో ఎవరెవరుంటారు?’ అని మొదలుపెట్టి, ‘పొద్దున లేస్తే ఎవరేం చేస్తారు?’ అని అడిగింది. బడి మాట ఎత్తలేదు. ‘అమ్మానాయన సుగ్గికి పోయినారు, మిరపకాయల కోతకు గుంటూరు దిక్కు. చిన్నోన్ని ఈ పిల్లే చూసుకుంటాది, నాకు కండ్లు కనపడవు’ అంది అవ్వ. వర్కర్ ఆ మాటలను అవ్వ పేరుమీదే రాసుకుంది. తమ్ముడికి మూడేళ్లు. అమ్మాయి స్కూలు బ్యాగు గూట్లోనే ఉంది, నోట్సు డిసెంబరు దాకా రాసి ఉంది. టీచరును అడిగితే అర్ధ సంవత్సర పరీక్షల్లో మంచి మార్కులే వచ్చాయని తెలిసింది. ఇన్ని వివరాలు రాశాక చివర్లో ఒక్క వాక్యంలో తన అభిప్రాయం: ‘తమ్ముడి సంరక్షణ బాధ్యత వల్లే బాలిక బడి మానినట్టు కనిపిస్తోంది.’

పరిష్కారం మొత్తం మారిపోయింది చూడండి. కౌన్సెలింగ్ అవసరమే లేదు. తమ్ముడు అంగన్‌వాడీలో చేరాలి, అవ్వ కళ్లు డాక్టరుకు చూపించాలి, అమ్మాయికి సీజనల్ హాస్టల్లో గాని కస్తూర్బా విద్యాలయంలో గాని చోటు దొరకాలి. మూడు పనులు, మూడు శాఖలు. ఇక్కణ్నుంచి కేస్ మేనేజ్‌మెంట్. చాలామంది కొత్తవాళ్లు ఇక్కడే తప్పు చేస్తారు. హాస్టల్‌కు చీటీ రాసిచ్చి ‘రిఫర్ చేశాం’ అని నమోదు చేసి వదిలేస్తారు. అమ్మాయి వెళ్లి చేరిందా? వార్డెన్ టీసీ అడిగి తిప్పి పంపిందా? అవ్వను ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్లారు? ఈ ప్రశ్నలకు జవాబు ఫైల్లోకి ఎక్కేదాకా రిఫరల్ పూర్తికానట్టే. కేసు ఎప్పుడు ముగించాలో కూడా మొదట్లోనే రాసుకోవాలి. లేకపోతే వందల ఫైళ్లు తెరిచే ఉంటాయి, ఒక్కదానిమీదా పని జరగదు.

క్లాసులో నేర్పే పరికరాల్లో నాకు అన్నిటికన్నా ఉపయోగకరంగా తోచేది జీనోగ్రామ్. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం గీస్తూ మూడు తరాల కుటుంబాన్ని ఒక్క పేజీలో పెట్టడం. గీస్తున్నప్పుడు ‘ఈ మామయ్య ఎక్కడుంటాడు?’ అని అడిగితే, మామూలుగా అడిగితే రాని సంగతులు బయటికొస్తాయి. ఆదుకునే బంధువు ఎక్కడున్నాడో కూడా అప్పుడే తెలుస్తుంది.

గోప్యత సంగతి మొదటి సెమిస్టర్లోనే వంటబట్టించుకోవాలి. జువెనైల్ జస్టిస్ చట్టం కిందికి వచ్చిన పిల్లల పేరు, ఫొటో, బడి, ఊరు బయటపెట్టడం నేరం. వాట్సాప్ గ్రూపులో ‘ఈరోజు మా కేసు’ అంటూ ఫొటో పెట్టేవాళ్లు ఈ వృత్తికి పనికిరారు. అలాగని అన్నీ దాచకూడదు. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. ‘ఎవరికీ చెప్పను’ అని బిడ్డకు ముందే మాటిస్తే రేపు ఆ మాట తప్పాల్సివస్తుంది.

ఉద్యోగాల విషయానికొస్తే, జిల్లా బాలల సంరక్షణ యూనిట్లలో ప్రొటెక్షన్ ఆఫీసర్, కౌన్సెలర్, సోషల్ వర్కర్, ఔట్‌రీచ్ వర్కర్ పోస్టులుంటాయి. సఖి వన్ స్టాప్ సెంటర్లలో కేస్ వర్కర్లు, ప్రభుత్వాసుపత్రుల హెచ్ఐవీ పరీక్షా కేంద్రాల్లో కౌన్సెలర్లు, అవయవ మార్పిడి జరిగే పెద్దాసుపత్రుల్లో ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్లు ఉంటారు. స్వచ్ఛంద సంస్థలు సరేసరి. ప్రభుత్వ పథకాల కింద వచ్చేవి ఎక్కువగా కాంట్రాక్టు పోస్టులే. జీతం గొప్పగా ఉండదు, కొన్నిసార్లు ఆలస్యమూ అవుతుంది. ఇంటి బాధ్యత మొత్తం మీ మీదే ఉంటే ఈ విషయం ఇంట్లో ముందే మాట్లాడుకోండి. మానసిక ఆరోగ్య రంగం వైపు వెళ్లాలంటే దారి ఇంకాస్త పొడవు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌కు ఎంఎస్‌డబ్ల్యూ తర్వాత రెండేళ్ల ఎంఫిల్ అడుగుతోంది. ఎంఫిల్ మీద యూజీసీ నిబంధనలు మారుతూ వస్తున్నాయి కనుక తాజా నోటిఫికేషన్ చూసే చేరండి. విదేశం వెళ్లాలనుకునేవాళ్లకూ డిగ్రీ ఒక్కటే సరిపోదు. ఇంగ్లండ్‌లో అక్కడి నియంత్రణ సంస్థ దగ్గర నమోదు కావాలి, అమెరికాలో రాష్ట్రాన్నిబట్టి లైసెన్సు తెచ్చుకోవాలి.

ఎంఎస్‌డబ్ల్యూకు ఏ డిగ్రీ ఉన్నా చాలావరకు అర్హతే. ఆంధ్రా, ఉస్మానియా, కాకతీయ విశ్వవిద్యాలయాలు, హైదరాబాద్‌లోని రోడా మిస్త్రీ కాలేజీ మన వాళ్లకు దగ్గర్లో ఉన్నవి. ఉద్యోగం చేస్తూ చదవాలంటే ఇగ్నో ఉంది. ర్యాంకింగుల కన్నా ముందు ఫీల్డ్‌వర్క్ గురించి ఆరా తీయండి. వారానికి ఎన్ని రోజులు పంపుతారు? మీరు రాసిన కేస్ రికార్డును ఎర్రసిరాతో దిద్ది, కూర్చోబెట్టి మాట్లాడే సూపర్‌వైజర్ ఉన్నారా? సీనియర్లను పేరుపేరునా అడగండి. ఆ రికార్డులమీద పరీక్షకు ముందు వారంలో ఒకేసారి సంతకాలు పెట్టేసే కాలేజీ అని తెలిస్తే, ఫీజు ఎంత తక్కువైనా అక్కడ చేరకండి.