చదరంగం గడియారం కొనే ముందు

అక్కల్లారా! గోడ గడియారం చూడటం మనకు వచ్చేసింది. ఇప్పుడు ఇంకో రకం గడియారం గురించి చదువుదాం. దీనిలో గడియారాలు రెండు. పెట్టె మాత్రం ఒకటే. చదరంగం ఆడేవాళ్లు బోర్డు పక్కన దీన్ని పెట్టుకుంటారు.

మనకెందుకిది అంటారా? మన పిల్లలు బడిలో చదరంగం నేర్చుకుంటున్నారు. పోటీకి వెళ్లాలంటే, "బోర్డు, గడియారం మీరే తెచ్చుకోండి" అని చాలాచోట్ల కాగితంలో రాస్తారు. అప్పుడు డబ్బు తీయాల్సింది అమ్మే. అది కొన్ని రోజుల కూలి. ఆర్నెల్లకే పాడైతే మళ్లీ కొనగలమా?

ముందు అది ఎలా పని చేస్తుందో చూద్దాం. ఆడే ఇద్దరికీ కొంత టైము ఇస్తారు. నా వంతు వచ్చినప్పుడు నా గడియారం నడుస్తుంది. నేను ఎత్తు వేసి మీట నొక్కగానే నాది ఆగుతుంది, మీది నడుస్తుంది. టైము అయిపోయినవాళ్లు మామూలుగా ఓడినట్టే. రాజు ఎంత భద్రంగా ఉన్నా సరే!

పూర్వం ఇవి లేవు. కొందరు ఒక్క ఎత్తుకే గంటల తరబడి ఆలోచిస్తూ కూర్చునేవారు. ఎదుటివాళ్లకు విసుగు పుట్టేది. 1861లో ఒక పోటీలో ఇసుక గడియారాలు పెట్టారు. 1883లో లండన్ పోటీలో రెండు గడియారాలు జతచేసి వాడారు. ఆ తర్వాత తాళం తిప్పే గడియారాలు చాలా ఏళ్లు నడిచాయి. అవి గట్టివే. సెల్లు అక్కర్లేదు. పాడైతే గడియారాలు బాగుచేసే అతను విప్పి సరిచేయగలడు. ఎవరైనా పాతది చవగ్గా ఇస్తే ఇంట్లో ఆడుకోవడానికి తీసుకోండి. కానీ పోటీకి అది సరిపోకపోవచ్చు. ఎందుకో చూడండి.

గుడివాడలో పుట్టిన కోనేరు హంపి గారి పేరు విన్నారు కదా! ఆమె 2019లోనూ, 2024లోనూ మహిళల ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయ్యారు. ర్యాపిడ్ అంటే త్వరగా ఆడే ఆట. ఆ పోటీలో ఒక్కొక్కరికి 15 నిమిషాలు ఇస్తారు. ఎత్తు వేసినప్పుడల్లా ఇంకో 10 సెకన్లు కలుస్తాయి. 40 ఎత్తులు వేస్తే 400 సెకన్లు. అంటే 6 నిమిషాల 40 సెకన్లు అదనంగా వచ్చినట్టు. తాళం గడియారం ఇలా టైము కలపలేదు. అంకెలు కనిపించే సెల్లు గడియారమే కలుపుతుంది. అందుకని కొట్లో మొదట అడగాల్సిన మాట ఇదే: "ఎత్తు ఎత్తుకూ సెకన్లు కలుపుతుందా?"

ఇక గట్టిదనం సంగతి. ఒక ఆటలో ఇద్దరూ చెరో 50 ఎత్తులు వేశారనుకోండి. మీట మీద 100 దెబ్బలు. రోజుకు 6 ఆటలైతే 600! అందుకే రంగు చూసి, పెట్టె నునుపు చూసి మోసపోవద్దు. మీట చూడండి.

కొన్నిటికి తక్కెడ దండెలాంటి పొడుగు మీట ఒకటే ఉంటుంది. ఒకవైపు దిగితే రెండోవైపు లేస్తుంది. కొన్నిటికి విడిగా రెండు బొత్తాలుంటాయి. నాకైతే తక్కెడ మీటే మేలనిపిస్తుంది. ఎవరి వంతో దూరం నుంచే తెలిసిపోతుంది. ఏదైనా సరే, కొట్లోనే సెల్లు వేయించి ఇరవైసార్లు నొక్కండి. నడుమనే కాదు, అంచు మీద కూడా నొక్కండి. మెల్లగా నొక్కినా గడియారం మారాలి. మీట అటూ ఇటూ ఊగితే వద్దనండి. కొట్టతను విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి, డబ్బు మనది.

తర్వాత తిరగేసి చూడండి. అడుగున రబ్బరు కాళ్లు ఉండాలి. లేకపోతే నొక్కినప్పుడల్లా జారుతుంది, బల్ల మీంచి పడుతుంది. సెల్లు పెట్టే చోట మూత గట్టిగా పడుతోందా? లోపలి స్ప్రింగు వదులుగా ఉంటే ఆట మధ్యలో అంకెలు మాయమవుతాయి. గోడ గడియారంలో వేసే సెల్లే దీనికీ సరిపోతే మంచిది. ఊళ్లోనే దొరుకుతుంది.

పెద్ద పోటీల్లో హాలెండ్ దేశపు డి.జి.టి. గడియారాలు ఎక్కువగా కనిపిస్తాయి. వాటి ధర ఎక్కువ. కొత్తగా నేర్చుకునే పిల్లకు అంతది అవసరం లేదు.

రశీదు అడగకుండా రావద్దు. తేదీ ఉందా, కొట్టు ముద్ర ఉందా, గ్యారంటీ ఎన్ని నెలలో, అక్కడే నిలబడి చదవండి. ఇప్పుడు మనకు చదువు వచ్చు కదా!

ఇంటికి తెచ్చాక పిల్లలకు ఒక సంగతి చెప్పండి. మీటను గట్టిగా కొట్టకూడదు. ఇది నేను పెట్టిన రూలు కాదు, ప్రపంచ చదరంగ సంస్థ ఫిడే పెట్టిందే. పావు జరిపిన చేత్తోనే మీట నొక్కాలన్నది కూడా వాళ్ల రూలే. పరీక్షల రోజుల్లో ఆట ఉండదు. అప్పుడు సెల్లు తీసి పక్కన పెట్టండి. లోపలే వదిలేస్తే కారి, స్ప్రింగుకు తెల్లగా పొడి పడుతుంది.

ఇప్పుడు ఈ లెక్క చేయండి: ఒక పోటీలో ఒక్కొక్కరికి 90 నిమిషాలు ఇచ్చారు. ఎత్తుకు 30 సెకన్లు కలుస్తాయి. మీ అమ్మాయి 60 ఎత్తులు వేసింది. ఆమెకు మొత్తం ఎంత టైము దొరికినట్టు?