పనిమీద వెళ్ళినవాళ్ళకే కబురందింది

మాది అన్నవరం. సత్యదేవుడి కొండ కింద పుట్టి, బడిపిల్లలకి అక్షరాలు దిద్దించి, ఇక్కడే ముసలిదాన్నయ్యాను. పుట్టుకతో క్రైస్తవురాలిని. ఈస్టరు దగ్గర పడుతుంటే మా సంఘంలో చిన్నవాళ్ళు నా దగ్గరకొచ్చి, “అమ్మమ్మగారూ, ఇంట్లో మనిషి పోయాక ఈ పునరుత్థానం మాటలు బుర్రకెక్కడం లేదండీ” అంటుంటారు. వాళ్ళకి చెప్పే మాటలే ఇవి.

1. ఆశ లేకపోయినా పనికి లేవండి

ఆ ఆదివారం తెల్లవారుజామున మగ్దలేనే మరియ, యాకోబు తల్లి మరియ, సలోమి యేసు ప్రభువు సమాధికి వెళ్ళింది ఆయన లేచాడని నమ్మి కాదు, శవానికి సుగంధ ద్రవ్యాలు పూయడానికి. శుక్రవారం పొద్దుగూకే వేళ హడావుడిగా జరిగిన భూస్థాపనలో మిగిలిపోయిన పని అది. అంత పెద్ద రాయి ఎవరు దొర్లిస్తారో వాళ్ళకే తెలీదు. దారిలో అదే మాట్లాడుకున్నారని మార్కు రాశాడు. అయినా వెనక్కి తిరగలేదు. కబురు ముందు వాళ్ళకే అందింది, తలుపులేసుకుని కూర్చున్న శిష్యులకి కాదు.

ఈస్టరు ముందు రోజు సమాధుల తోటకి వెళ్ళి చూడండి. ఒకరు కొడవలితో గడ్డి కోస్తుంటారు, ఇంకొకరు బకెట్లో సున్నం కలుపుతుంటారు. నిరుడు రాయించిన పేరు ఎండకి వెలిసిపోతే, మనవడి చేతికి సన్నకుంచె ఇచ్చి నల్లరంగుతో మళ్ళీ దిద్దిస్తారు. తెల్లవారకముందే కొవ్వొత్తులు, బంతిపూలు పట్టుకుని మళ్ళీ వస్తారు. వాళ్ళందరిదీ కొండంత విశ్వాసం అనుకోకండి. చెయ్యి ముందు పనిలో పడుతుంది, గుండె నిబ్బరం ఆ తర్వాత వస్తుంది.

2. శనివారాన్ని దాటేయకండి

మంచి శుక్రవారం పన్నెండు నుంచి మూడు దాకా ఏడు మాటల ఆరాధన. ఆదివారం సూర్యోదయ ఆరాధన. మధ్యలో శనివారం గురించి సువార్తలు కూడా దాదాపు ఏమీ చెప్పవు. ఆ స్త్రీలు విశ్రాంతిదినం పాటించారని లూకా ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు.

మనిషి పోయిన ఇంట్లో ఆ శనివారం నెలల తరబడి నడుస్తుంది. ఆదరణ కూడిక అయిపోయి, షామియానా విప్పేసి, చుట్టాలు బస్సెక్కాక మొదలవుతుంది. అప్పుడు వెళ్ళి “పరలోకంలో కలుసుకుంటావులే, ఏడవకు” అని చెప్పేసి వచ్చేయకండి. క్యారేజీలో అన్నం, చారు పట్టుకెళ్ళండి. పోయినవాళ్ళ గురించి చెప్పిందే చెబుతుంటే మళ్ళీ వినండి. లాజరును లేపబోయే ముందు యేసు ప్రభువు కూడా కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

3. కబురు ఎవరు తెచ్చారని చూడకండి

ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి చెబితే అపొస్తలులు వెర్రిమాటలని కొట్టిపారేశారు. తీరా చూస్తే నిజం ఆ ఆడవాళ్ళ దగ్గరే ఉంది. మనిషి పోయిన మీ ఇంట్లో కూడా చదువు లేని అత్తగారో, పదేళ్ళ పిల్లో ముందుగా నవ్వడం మొదలెడతారు. ‘అప్పుడే ఏం నవ్వు?’ అని నోరు మూయించకండి.

4. మచ్చలు ఉంటే ఉండనివ్వండి

లేచి వచ్చిన ప్రభువు చేతుల్లో మేకుల గాయాలు అలాగే ఉన్నాయి. తోమాకి గుర్తుగా చూపించింది వాటినే. కొత్త జీవితం అంటే పాతదంతా చెరిపేసుకోవడం కాదని నాకు అక్కడే అర్థమైంది.

1996 నవంబరు 6 తుపాను కోనసీమలో కొబ్బరితోటల్ని నేలకూల్చింది. రైతులు మళ్ళీ మొక్కలు నాటారు. దేశవాళీ కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు పడుతుంది. ఈరోజు ఆ తోటలు పచ్చగానే ఉన్నాయి. కానీ నవంబరులో గాలి జోరందుకుంటే అక్కడి పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆకాశం వంక చూస్తారు. అది విశ్వాసం లేకపోవడం కాదు, పడ్డ బాధ తాలూకు గుర్తు.

5. ముందు అన్నం పెట్టండి

తిబెరియ సముద్రతీరంలో శిష్యులు రాత్రంతా వలలేసి అలిసిపోయారు. ఒడ్డుకొచ్చేసరికి ప్రభువు నిప్పులమీద చేపలు, రొట్టె సిద్ధంగా ఉంచాడు. తనని కాదన్న పేతురుతో మాట్లాడింది కూడా తిన్నాకే. నన్నడిగితే ఈస్టరు ప్రసంగాలన్నిటికీ అదే మూలం. ఆ దారిలోనే మా వైపు కెనడా బాప్టిస్టు మిషన్ వాళ్ళు పిఠాపురంలో ఆస్పత్రి పెట్టారు, రామచంద్రపురంలో కుష్ఠురోగులకి ఆశ్రమం కట్టారు. అయినవాళ్ళే బయటికి పంపేసిన మనిషికి పుండు కడిగి, కట్టుకట్టి, పక్కన కూర్చుని అన్నం పెడితే పునరుత్థానం అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

6. ప్రార్థన పలుగూ పారా పట్టాలి

ఇంగ్లండు నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ 1836లో ఈ దేశం వచ్చి, నరసాపురంలో సువార్త పని మొదలుపెట్టారు. అప్పటికి 1833 నాటి కరువు గాయం ఇంకా మానలేదు. 1839 నవంబరులో ఉప్పెన వచ్చి కోరంగిని ముంచేసింది. చావు తప్ప ఏమీ కనబడని సీమ అది. ఆ రోజుల్లోనే ఇక్కడ పనిచేసిన కాటన్ దొర కూడా భక్తి గల క్రైస్తవుడే. ప్రార్థన చేసి చేతులు ముడుచుకోలేదు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలెట్టించి 1852కి పూర్తి చేయించాడు. రాయి ఎత్తింది, మట్టి మోసింది మన కూలీలు. వాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా కనబడవు. ఎండినచోట సార్వా, దాళ్వా రెండు పంటలూ పండుతున్నాయంటే ఆ చెమట వల్లే. మా అన్నవరం వైపు పంపా నీళ్ళే గానీ, అక్కడ పండిన బియ్యం మేమూ తింటున్నాం.

7. పొరుగువాళ్ళ కొండని గౌరవించండి

కార్తీకంలో మా ఊరు కిక్కిరిసిపోతుంది. వ్రతాలకొచ్చిన జనం మా గుమ్మం ముందు నుంచే నడిచెళ్తారు. మంచినీళ్ళడిగితే ఇస్తాం. మా పక్కింటావిడ సత్యదేవుడి కొండ రత్నగిరి మెట్లెక్కి వచ్చిన మనిషే, అయినా మా ఆయన సమాధి దగ్గరకి వచ్చి తన పెరటి పూలు పెట్టి వెళ్తుంది. ఆవిడ దేవుడి గురించి నేను వాదించను, నా నమ్మకాన్ని దాచుకోనూ దాచుకోను. పునరుత్థానాన్ని వాదనలో నెగ్గడానికి వాడుకుంటే మన దగ్గరే పస తగ్గిపోతుంది.

8. పండగని ఒక్క రోజుతో ముగించకండి

లేచిన ప్రభువు ఆరోహణం వరకు నలభై రోజులు శిష్యుల మధ్య తిరిగాడు. మనమేమో సోమవారానికల్లా కొత్తబట్టలు మడతపెట్టి మర్చిపోతాం. ఈ ఏడు మీ సంఘంలో మనిషి పోయిన ఇల్లు ఒకటి ఎంచుకోండి. ఆ నలభై రోజుల్లో వారానికోసారైనా వెళ్ళండి. పింఛను కాగితాలు రాసిపెట్టండి, పిల్లాడి ఫీజు సంగతి కనుక్కోండి, తాటాకు కప్పు కారుతుంటే వానలకి ముందే నేయించండి.