చెరలో పెరిగిన రాకుమారి

ఫ్రెంచి విప్లవానికి కారణాలు, ఫలితాలు అనే ప్రశ్న చరిత్ర విద్యార్థికి చిరపరిచితం. బాస్టిల్ పతనం, రాజు శిరచ్ఛేదం, నెపోలియన్ అభ్యుదయం మనకు కంఠస్థాలు. కాని ఆ తుపానులో చిక్కి, తన వారినందరినీ కోల్పోయి, ఒంటరిగా ఒడ్డు చేరిన ఒక బాలిక పేరు మన పాఠ్యగ్రంథాలలో అరుదుగా కానవస్తుంది. ఆమె పదహారవ లూయీ, మేరీ ఆంటోనెట్‌ల ప్రథమ సంతానమైన మేరీ తెరీజ్ షార్లట్.

1770లో వివాహమైన ఆ దంపతులకు ఎనిమిదేళ్ల నిరీక్షణానంతరం, 1778 డిసెంబరు 19న వర్సేల్స్ ప్రాసాదంలో ఆమె జన్మించింది. మాతామహి, ఆస్ట్రియా సామ్రాజ్ఞి మేరియా థెరీసా పేరే ఆమెకు పెట్టారు. తల్లిదండ్రులు సంతోషించినా, రాజ్యానికి వారసుడు కలుగలేదన్న కొరత మిగిలింది. ఏలననగా, సాలిక్ శాసనమని పేరొందిన నియమం ప్రకారం ఫ్రాన్సులో స్త్రీకి సింహాసనార్హత లేదు. పాఠకులు ఈ విషయాన్ని జ్ఞాపకముంచుకోవాలి.

ఆమె తరువాత ముగ్గురు పిల్లలు కలిగారు. కనిష్ఠ సోదరి సోఫీ ఏడాది నిండకనే 1787లో మరణించింది. యువరాజు లూయీ జోసెఫ్ 1789 జూన్ 4న, ఏడేళ్ల ప్రాయంలో కన్నుమూశాడు. పుత్రశోకం తీరకముందే జూలై 14న బాస్టిల్ కూలింది. అక్టోబరులో రొట్టె కోసం అలమటించిన పారిస్ స్త్రీలు వర్సేల్స్‌కు తరలివచ్చి, రాజకుటుంబాన్ని పారిస్‌కు తీసుకొనిపోయారు. 1791 జూన్‌లో ఆ కుటుంబం మారువేషాలతో దేశం దాటబోగా, దారిలో డ్రూయె అనే తపాలా మజిలీ అధికారి రాజును గుర్తుపట్టాడు. వారెన్ గ్రామంలో అందరూ పట్టుబడ్డారు.

1792 ఆగస్టులో వారిని టెంపుల్ అనే పురాతన దుర్గంలో బంధించారు. 1793 జనవరి 21న తండ్రి శిరచ్ఛేదం జరిగింది. జూలైలో ఎనిమిదేళ్ల తమ్ముడు లూయీ షార్లెస్‌ను తల్లి ఒడి నుండి వేరు చేశారు. ఆగస్టులో తల్లిని వేరొక చెరకు మార్చి, అక్టోబరు 16న వధించారు. 1794 మే 10న మేనత్త ఎలిజబెత్ కూడ గిలటిన్‌కు బలి అయినది. పదిహేనేళ్ల బాలిక ఏకాకిగా మిగిలింది. తల్లి, మేనత్త జీవించిలేరన్న సంగతిని ఆమెకు ఎవరూ చెప్పలేదు. 1795లో తోడుగా నియమింపబడిన స్త్రీ ద్వారానే అది ఆమెకు తెలిసింది. అదే దుర్గంలో జూన్ 8న పదేళ్ల తమ్ముడు వ్యాధిగ్రస్తుడై మరణించాడు.

ఆమె మాత్రం ఎట్లు బ్రతికింది? తండ్రి మరణించిన నాటి నుండి రాచరికవాదులు తమ్ముని పదిహేడవ లూయీగా పరిగణించారు. కనుక ఆ పసివానిని చూచి ప్రజాప్రభుత్వం భయపడింది. సింహాసనంపై హక్కులేని ఆడపిల్ల వలన అటువంటి భయం లేదు. ఏ శాసనం ఆమెకు హక్కును నిరాకరించిందో, ఆ శాసనమే ఆమె ప్రాణాలకు రక్ష అయినదని భావించవచ్చు. 1795 డిసెంబరులో, పదిహేడవ జన్మదినానికి ముందు రోజున ఆమెను విడుదల చేసి, ఆస్ట్రియా చెరలోని ఫ్రెంచి బందీలకు మారుగా అప్పగించారు. ఆ బందీలలో డ్రూయె కూడ ఉండడం విధివిలాసం!

1799లో ఆమె తన పినతండ్రి కుమారుడైన ఆంగూలెం డ్యూక్‌ను వివాహమాడింది. ఇట్టి సంబంధం మన దేశంలో కొన్ని సమాజాలలో నిషిద్ధం, కొన్నింట సమ్మతం; యూరపు రాజవంశాలలో మాత్రం పరిపాటి. వారికి సంతానం కలుగలేదు. 1814లో స్వదేశం చేరినా, మరుసటి ఏడు నెపోలియన్ తిరిగి రాగా, ఆమె బోర్డో నగరంలో సైనికులను ఎదిరించి నిలువమని స్వయంగా ప్రబోధించింది. ఆ వంశంలో మగవాడు ఆమె ఒక్కతే అని నెపోలియన్ అన్నాడని ప్రతీతి. స్త్రీ ధైర్యాన్ని మెచ్చుకొనడానికి సైతం ఆమెను పురుషుడనవలసిరావడం ఆ కాలపు భావదారిద్ర్యం.

1830 విప్లవంలో మామగారు పదవ షార్లెస్ రాజ్యత్యాగం చేశాడు. భర్త కూడ వెంటనే హక్కు వదులుకొన్నాడు. ఆ రెండు సంతకాల నడుమ కొన్ని నిమిషాలు ఆమె ఫ్రాన్సుకు రాణి అయినదని కొందరు లెక్కిస్తారు. తిరిగి ప్రవాసమే గతి అయింది. 1851 అక్టోబరు 19న ఆస్ట్రియాలోని ఫ్రోస్డార్ఫ్‌లో ఆమె తనువు చాలించింది. ఆమె సమాధి నేటి స్లొవీనియాలోని కోస్తాన్యెవిత్సా మఠంలో ఉన్నది.

జీవితాంతం ఆమెను పీడించినది తమ్ముని ప్రశ్న. చెర నుండి తప్పించుకొన్న రాకుమారుడను తానేనంటూ వంచకులెందరో బయలుదేరారు. భద్రపరచబడిన బాలుని హృదయాన్ని 2000లో డి.ఎన్.ఎ. పద్ధతిలో పరీక్షించగా, అది మేరీ ఆంటోనెట్ మాతృవంశానికి చెందినదని తేలింది. 2004లో దానిని సెయింట్ డెనిస్ ఆలయంలో నిక్షేపించారు. అక్కకు దొరకని సమాధానం ఒకటిన్నర శతాబ్దం తరువాత లోకానికి దొరికింది.

పారిస్ పేదల ఆకలి సత్యం. దానిని పట్టించుకొనని ప్రభుత్వ దోషమూ సత్యమే. విప్లవం నిష్కారణంగా రాలేదు. అయినను, తల్లి మరణవార్తను బిడ్డకు దాచిన ఆ దుర్గంలో ఏ ప్రజలకు న్యాయం జరిగింది? పెద్దల నేరాలకు పసివారిని శిక్షించరాదన్న నీతి రాజులకెంతో రాజులను కూల్చినవారికీ అంతే. పరీక్షలో విప్లవ ఫలితాలు వ్రాయునపుడు, విద్యార్థులారా, ఈ బాలికను కూడ ఒక్కసారి తలచుకొనండి.