పాఠం 14 : చదువు రానివారికి ఓటు – అమెరికా అనుభవం

14.1 ఉపోద్ఘాతం

1787లో ఫిలడెల్ఫియాలో అమెరికా రాజ్యాంగం రాసినవారు ప్రభుత్వాన్ని మూడు శాఖలుగా విభజించిన తీరును మీరు గత పాఠంలో చదివారు. మరి ఆ ప్రభుత్వాన్ని ఎన్నుకునేది ఎవరు? దీనికి ఆ రాజ్యాంగంలో సూటి జవాబు లేదు. ఓటరుకు ఉండవలసిన అర్హతలను నిర్ణయించే పనిని రాష్ట్రాలకే వదిలిపెట్టారు. మొదట్లో చాలా రాష్ట్రాలలో ఆస్తి ఉన్న తెల్లజాతి పురుషులే ఓటర్లు. ఆస్తి నియమం క్రమంగా పోయింది. స్త్రీలకు దేశమంతటా ఓటు హక్కు 1920లో, 19వ సవరణతో వచ్చింది. ఈ పాఠంలో నల్లజాతివారి ఓటు గురించి వివరంగా తెలుసుకుందాం. చదువుకూ ఓటుకూ ముడిపెడితే ఏం జరుగుతుందో అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. వయోజన అభ్యాసకులైన మీకు ఇది దూరపు విషయం కాదు.

14.2 సవరణ వచ్చింది, ఓటు పోయింది

1861–65 అంతర్యుద్ధం తర్వాత 13వ సవరణ (1865) బానిసత్వాన్ని రద్దు చేసింది. జాతి, రంగు, పూర్వపు బానిసత్వం కారణంగా ఎవరికీ ఓటు నిరాకరించరాదని 15వ సవరణ (1870) చెప్పింది. అదే సంవత్సరం మిసిసిపికి చెందిన హైరం రెవెల్స్ సెనేట్‌లో మొదటి నల్లజాతి సభ్యుడయ్యాడు.

15వ సవరణ ఏమన్నదో మరొకసారి నిదానంగా చదవండి. అందరికీ ఓటు ఇవ్వాలని అది అనలేదు. ఫలానా కారణాలతో నిరాకరించవద్దని మాత్రమే అన్నది. మరి వేరే కారణం చూపిస్తే? 1877 తర్వాత కేంద్ర సైన్యం అండ తొలగిపోయాక దక్షిణ రాష్ట్రాల పాలకులు పట్టుకున్న సందు ఇదే.

మిసిసిపి 1890లో కొత్త రాజ్యాంగం రాసుకుంది. దాని ఓటు నియమాలలో జాతి ఊసే లేదు. ఓటరు తలపన్ను కట్టాలి. రాష్ట్ర రాజ్యాంగంలోని ఏదైనా ఒక భాగాన్ని చదవాలి, లేదా ఎవరైనా చదివి వినిపిస్తే అర్థం చెప్పాలి. పైకి చూస్తే నియమం అందరికీ ఒక్కటే. కాని ఏ భాగం చదివించాలో, చెప్పిన అర్థం సరైనదో కాదో తేల్చేది ఓటర్ల నమోదు అధికారి. తెల్లవాడికి సులభమైన వాక్యం, నల్లవాడికి లాయర్లకే కొరుకుడుపడని పేరా ఇచ్చినా అడిగేవారు లేరు. మీరు పరీక్షలు రాసేవారే కదా! ప్రశ్నపత్రమూ మార్కులూ ఒకే మనిషి చేతిలో ఉండి, మిమ్మల్ని తప్పించాలని అతను ముందే నిశ్చయించుకుంటే ఎంత చదివి ఏం లాభం?

అయితే చదువురాని తెల్లవారి సంగతేమిటి? లూసియానా 1898లో దానికీ దారి చూసింది. 1867 జనవరి 1 నాటికి ఓటున్నవారికి, వారి కొడుకులకు, మనుమలకు పరీక్ష నుంచి మినహాయింపు ఇచ్చింది. ఆనాటికి అక్కడి నల్లజాతివారికి ఓటు లేదు మరి! లూసియానాలో 1896లో 1,30,334 మంది నల్లజాతి ఓటర్లు నమోదై ఉండగా, 1904 నాటికి 1,342 మంది మిగిలారు. ఇటువంటి ‘తాతల’ మినహాయింపును సుప్రీంకోర్టు 1915లో కొట్టివేసింది. అక్షరాస్యత పరీక్ష మాత్రం నిలిచిపోయింది.

14.3 దుకాణం వెనుక బడి

దక్షిణ కరొలినాలోని జాన్స్ ద్వీపంలో ఈసా జెంకిన్స్ అనే ఆయన బస్సు నడిపేవాడు. ప్రయాణికులకు దారిలోనే రాజ్యాంగ భాగాలు నేర్పడానికి ప్రయత్నించాడు. అది చాలలేదు. 1957 జనవరిలో ఆయన, ఉపాధ్యాయురాలు సెప్టిమా క్లార్క్ తదితరులు ఒక సహకార దుకాణం వెనుక గదిలో వయోజనులకు రాత్రి బడి ప్రారంభించారు. ముందు భాగంలో సరుకులు, వెనుక పాఠాలు. ఎవరికీ అనుమానం రాకూడదు కదా! చదువు చెప్పినది బెర్నిస్ రాబిన్సన్. ఆమె వృత్తి కేశాలంకరణ, ఉపాధ్యాయ శిక్షణ లేదు. మొదట చేరినవారు 14 మంది. మీకేం నేర్చుకోవాలని ఉందని ఆమె వారినే అడిగింది. సంతకం పెట్టడం, మనియార్డరు ఫారం నింపడం వంటి నిత్యావసరాలతో మొదలై, పాఠం ఓటరు దరఖాస్తు దాకా సాగింది. తర్వాత ఇటువంటి బడులు దక్షిణ రాష్ట్రాలంతటా వెలిశాయి.

14.4 1965 చట్టం

1965 మార్చి 7న అలబామాలోని సెల్మాలో ఓటు హక్కు కోరుతూ నడిచిన సుమారు 600 మందిని వంతెన దగ్గర పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో చెదరగొట్టారు. ఆ దృశ్యాలు టెలివిజన్‌లో దేశమంతా చూసింది. ఆగస్టు 6న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఓటు హక్కుల చట్టంపై సంతకం చేశాడు. వివక్ష చరిత్ర ఉన్న ప్రాంతాలలో అక్షరాస్యత పరీక్షలు నిలిచిపోయాయి. అక్కడ ఎన్నికల నియమం మార్చాలంటే కేంద్రం ముందస్తు అనుమతి తప్పనిసరి అయింది. మిసిసిపిలో నల్లజాతి వయోజనులలో ఓటర్లుగా నమోదైనవారు సుమారు 7 శాతం నుంచి 1967 నాటికి దాదాపు 60 శాతానికి పెరిగారు. 1975లో అక్షరాస్యత పరీక్షలను దేశమంతటా శాశ్వతంగా నిషేధించారు. అయితే ముందస్తు అనుమతి ఏ ప్రాంతాలకు వర్తించాలో చెప్పే సూత్రాన్ని 2013లో సుప్రీంకోర్టు కొట్టివేసింది.

14.5 మన దేశంలో

బ్రిటిషు పాలనలో ఇక్కడ కూడా ఆస్తి, పన్ను, చదువు ఉన్నవారికే ఓటు. 1950లో మన రాజ్యాంగం 326వ అధికరణం ద్వారా వయోజనులందరికీ ఓటు ఇచ్చింది. 1951 జనాభా లెక్కల ప్రకారం అప్పటి అక్షరాస్యత సుమారు 18 శాతమే. చదువు రానివారి కోసం 1951–52 ఎన్నికలలో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దానిపై గుర్తు అంటించారు. ఓటరు తనకు నచ్చిన గుర్తున్న పెట్టెలో కాగితం వేస్తే చాలు.

పాఠ్యగత ప్రశ్నలు

1. 15వ సవరణ ఉన్నా మిసిసిపి నియమాలు ఎలా చెల్లుబాటయ్యాయి?
2. అభ్యర్థికి కనీస విద్యార్హత ఉండాలని కొందరు అంటారు. దీనికి, ఓటరుకు పెట్టే పరీక్షకు తేడా ఉందా? మీ అభిప్రాయాన్ని పది వాక్యాలలో రాయండి.
3. కృత్యం: మీ ఇంట్లో లేదా వీధిలో చదువుకోని పెద్దవారిని, తాము మొదటిసారి ఓటు ఎలా వేశారో, ఏ గుర్తు చూసి వేశారో అడగండి. వారు చెప్పినది వారి మాటల్లోనే రాసుకుని, సంపర్క తరగతికి తీసుకురండి.