వెలుగు చేరని చోట జీవం



సూర్యరశ్మి లేనిదే జీవం లేదని మనం బడిలో చదువుకున్నాం. 1977లో ఈ పాఠాన్ని సరిదిద్దుకోవలసి వచ్చింది. పసిఫిక్ మహాసముద్రంలో గాలపాగోస్ దీవుల సమీపాన, సుమారు 2,500 మీటర్ల లోతుకు 'ఆల్విన్' అనే చిన్న జలాంతర్గామిలో దిగిన శాస్త్రజ్ఞులు, వేడినీటి బుగ్గల చుట్టూ గుంపులు గుంపులుగా ప్రాణులను చూశారు. అక్కడి గొట్టపు పురుగులు రెండు మీటర్ల వరకు పెరుగుతాయి. వాటికి నోరు లేదు, జీర్ణాశయం లేదు. వాటి శరీరంలో నివసించే సూక్ష్మజీవులు హైడ్రోజన్ సల్ఫైడ్ నుండి శక్తిని గ్రహించి వాటికి ఆహారం సమకూరుస్తాయి.

అయితే ఈ సూక్ష్మజీవులు వాడుకొనే ప్రాణవాయువు, పైన ఎండలో పెరిగే నాచు మొక్కలు మొదలైనవాటి నుండి వచ్చినదే. ప్రాణవాయువు అవసరమే లేక హైడ్రోజన్, బొగ్గుపులుసు వాయువులతో బ్రతికే సూక్ష్మజీవులు కూడా అటువంటి బుగ్గల వద్ద ఉన్నాయి. శాస్త్రజ్ఞుల ఆశ వీటిమీదనే. శనిగ్రహపు ఉపగ్రహమైన ఎన్సెలాడస్‌లో మంచుపొర క్రింద సముద్రం ఉంది. అక్కడినుండి చిమ్మే జల్లులో హైడ్రోజన్ ఉన్నదని, కాసిని వ్యోమనౌక పంపిన వివరాల ఆధారంగా 2017లో ప్రకటించారు. జీవం మాత్రం ఇంతవరకు కనబడలేదు.

ఒకవేళ కనబడితే మన విశ్వాసం ఏమవుతుంది? అది విశ్వాసానికి విరుద్ధం కాదని, సృష్టికర్త స్వేచ్ఛకు మనం హద్దులు గీయరాదని వాటికన్ ఖగోళ పరిశోధనాలయానికి అప్పటి అధిపతి, యేసుసభ గురువు ఫాదర్ ఫునెస్ 2008లో వివరించారు. మానవ నేత్రం చూడకముందే ఆ చీకటిలోని ప్రాణులను సర్వేశ్వరుడు పోషిస్తూ వచ్చాడు గదా!

మీ పిల్లలు ఈ ప్రశ్న అడిగితే కసురుకోకండి. తెలిసినంతవరకు చెప్పండి, మిగిలినది వారితోపాటు మీరూ వెదకండి.