సత్వర ఫలాపేక్ష – స్థూలకాయం

మానవుడు ఫలం విలువను దాని పరిమాణంతో మాత్రమే గాక, అది చేతికందే కాలంతో కూడా కొలుస్తాడు. ఈ రోజు 500 రూపాయలు కావాలా, నెల తరువాత 600 కావాలా అని అడిగితే పలువురు 500 రూపాయలనే కోరుకుంటారు. 12 నెలల తరువాత 500, 13 నెలల తరువాత 600 అని అడిగితే వారిలోనే కొందరు 600 కోసం ఆగుతామంటారు. రెండు సందర్భాలలోనూ అదనపు నిరీక్షణ ఒక్క నెలే. మొదటిదానిలో ఫలం కళ్ళెదుట ఉన్నది, అదే భేదం. ఆలస్యమయ్యే కొద్దీ ఫలం విలువ మనస్సులో తరిగిపోయే ఈ స్వభావాన్ని మనస్తత్వ శాస్త్రంలో ‘డిలే డిస్కౌంటింగ్’ అంటారు. ఈ తరుగుదల మొదట వేగంగా, పిదప మెల్లగా సాగుతుందని జార్జ్ ఎయిన్‌స్లీ 1975లో వివరించాడు.

ఆహార విషయంలో ఈ స్వభావం ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. వేడి మిరపకాయ బజ్జీ రుచి క్షణంలో అందుతుంది. దానిని మానినందువల్ల కలిగే లాభం కొన్ని వారాలు గడిస్తే గాని తూకంలో కనిపించదు. రాకుండా తప్పిపోయిన మధుమేహం అసలే కంటికి కనిపించదు. అందుచేతనే “రేపటినుండి నియమం” అనుకున్న నిశ్చయం, ఆ రేపు నేడుగా మారగానే సడలిపోతుంది. స్థూలకాయులలో సత్వర ఫలాపేక్ష సగటున కొంత ఎక్కువని పలు పరిశోధనలు తెలిపాయి. అయితే ఆ వ్యత్యాసం స్వల్పమే. అది ప్రతి వ్యక్తికీ వర్తించదు.

వాల్టర్ మిషెల్ స్టాన్‌ఫర్డ్‌లో చిన్నపిల్లలపై జరిపిన పరీక్షలు సుప్రసిద్ధాలు. వెంటనే ఒక మిఠాయి, కొంతసేపు ఆగితే రెండు అన్నది అందులోని షరతు. ఆ పిల్లలలో కొందరిని సుమారు 30 ఏళ్ళ తరువాత పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించారు. నాడు అదనంగా ఆగిన ప్రతి నిమిషానికీ శరీర ద్రవ్యరాశి సూచిక సగటున 0.2 చొప్పున తక్కువగా ఉన్నది. కిలోగ్రాముల బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేదే ఈ సూచిక.

అయితే నిగ్రహం కేవలం పుట్టుకతో వచ్చే గుణమా? రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో 28 మంది పిల్లలపై జరిగిన ప్రయోగం వేరొక సంగతి తెలిపింది. పరీక్షకు ముందు తమకిచ్చిన మాట నెరవేరగా చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పగా చూసినవారు 3 నిమిషాలే ఆగారు. రేపటిపై నమ్మకం లేనివాడు నేటిదానినే అందుకుంటాడు. కాబట్టి లావుగా ఉన్న సహాధ్యాయిని సోమరి అని, తిండిపోతు అని పరిహసించడం అమానుషమే గాక అశాస్త్రీయం కూడా.

ఈ సత్యానికి రంజాన్ మాసం మనకు సుపరిచితమైన ఉదాహరణ. ఉపవాసి తెల్లవారుజాము నుండి సూర్యాస్తమయం దాకా మంచినీరైనా ముట్టడు. సంకల్పానికి తోడు సమయం నిశ్చితం. ఇంటిల్లిపాదికీ నియమం ఒక్కటే. ఇఫ్తార్ తప్పక వస్తుందన్న నమ్మకం ఉన్నది. ఉపవాస లక్ష్యం ఆరాధనే గాని బరువు తగ్గడం కాదు. ఇఫ్తార్‌లో సమోసాలు, హలీం, షర్బత్ మితిమీరితే బరువు పెరగనూవచ్చు. తగ్గిన కొద్దిపాటి బరువు కూడా పండుగ తరువాత సాధారణంగా తిరిగి వస్తుంది. నిగ్రహానికి తోడ్పడిన ఆ ఏర్పాట్లు మిగిలిన మాసాలలో లేకపోవడం గమనార్హం.

కనుక విద్యార్థులు కొన్ని సులభ మార్గాలు అవలంబించవచ్చు. ఏమి తినాలో ఆకలి వేయకముందే నిర్ణయించుకోవాలి. 80 కిలోల వ్యక్తి 20 కిలోలు తగ్గాలని తలపెట్టక, మొదట 4 కిలోల లక్ష్యం పెట్టుకోవాలి. 5 శాతం తగ్గినా ఆరోగ్యానికి మేలే. తన భవిష్యత్తులోని శుభ సందర్భాలను కళ్ళకు కట్టినట్లు ఊహించుకోవడం కూడా ఉపయోగకరం. అలా ఊహించుకున్న స్థూలకాయ స్త్రీలలో సత్వర ఫలాపేక్ష, తిన్న ఆహారం రెండూ తగ్గాయని బఫలో శాస్త్రజ్ఞులు 2013లో ప్రకటించారు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. తినుబండారం కంటికి కనబడనప్పుడు పిల్లలు ఎక్కువసేపు ఆగగలిగారని మిషెల్ 1970లోనే ప్రకటించాడు. మన క్యాంటీనులో వేయించిన పదార్థాలను వెనుకకు జరిపి, పండ్లు, ఉడికించిన శనగలు, చల్లని మంచినీరు ముందు ఉంచితే ఖర్చు స్వల్పం, ప్రయోజనం అధికం. విద్యార్థికి నిగ్రహం బోధించడంతో పాటు, దానిని పాటించడానికి అనువైన పరిసరాలు కల్పించడం కూడా విద్యాసంస్థ ధర్మమే.