గోదావరి పొగపడవలు: కాలనిర్ణయంలో ఛాయాచిత్రాల సాక్ష్యం

గోదావరి పొగపడవల ప్రసక్తి రాగానే ధవళేశ్వరం ఆనకట్టను (1847-52), ఆర్థర్ కాటన్‌ను పేర్కొని విషయాన్ని ముగించడం పరిపాటి. దుమ్ముగూడెం మొదలైన మూడు శిలావరోధాలను దాటించి ఎగువకు నౌకాయానం సాగించదలచిన ప్రణాళిక 1871లో విరమింపబడింది. దిగువన పడవల రాకపోకలు ఆ పిమ్మట కూడ సాగాయి. వాటిలో ఒకానొక పడవ కాలాన్ని నిర్ణయించడానికి ఛాయాచిత్రం మిక్కిలి తోడ్పడుతుంది.

అయితే దానిని తాళపత్రప్రతివలె పరిష్కరించాలి. చిత్రం క్రింది వ్రాత లేఖకుని పుష్పికవంటిది. అనంతరకాలంలో చేర్చినదై ఉండవచ్చు. నేపథ్యం అట్లు కాదు. రాజమహేంద్రవరం వద్ద హేవలాక్ వంతెన పని 1897లో ఆరంభమై 1900లో ముగిసింది. వంతెన చోటు చిత్రంలో ఉండి స్తంభాలు లేకుంటే అది అంతకు పూర్వపుది. స్తంభాలుండి దూలాలు లేకుంటే నిర్మాణకాలానిది. వంతెన చోటే చిత్రంలో లేనప్పుడు ఈ వాదం చెల్లదు. ఈ జాగ్రత్తను తరచు మరచిపోతుంటారు. అద్దపుఫలకాన్ని తిరగవేసి ముద్రిస్తే కుడియెడమలు తారుమారవుతాయి. పడవమీది అక్షరాలే దానిని పట్టియిస్తాయి. ఒకే పేరుగల రెండు పడవలను పొగగొట్టం ఉన్న చోటు, ప్రక్కచక్రాల కప్పు వేరుపరుస్తాయి.

హైదరాబాదు పరిశోధకుడు ముందుగా, గోదావరి సీమనుండి వచ్చి దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌లలో స్థిరపడిన కుటుంబాల పాతపెట్టెలను వెదకవచ్చు. చిత్రంలోని మనుష్యులను గుర్తుపట్టగల వృద్ధులుండగానే పేర్లు వ్రాసికొనాలి. చిత్రం వెనుకవైపునకు, అతికించిన అట్టకు కూడ నకలు తీయాలి.